గాజుపెట్టెలో నాచుమొక్క – దాని వెనుక చరిత్ర

సీసాలో మొక్కలు పెంచడం ఈ మధ్య వచ్చిన పట్నవాసపు సరదా అని మన సభ్యుల్లో చాలామంది అనుకుంటున్నారు. టెరేరియం అనే పేరు కొత్తగా వినబడటం వల్ల అలా అనిపిస్తుంది. నిజానికి దాని వయసు రెండు వందల ఏళ్లకు కాస్త తక్కువ. మనం రోజూ తాగే టీకి, మన పెద్దలు ముఖం చిట్లించి మింగిన క్వినైనుకు కూడా దానితో చుట్టరికం ఉంది. సర్వీసంతా ఇన్‌వార్డు, అవుట్‌వార్డు రిజిస్టర్లు రాసినవాణ్ణి కనుక తేదీలతో సహా మనవి చేస్తాను.

లండన్ రేవు ప్రాంతంలో నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడు ఉండేవారు. ఆయనకు మొక్కల పిచ్చి. పెరట్లో ఫెర్న్ మొక్కలు వేస్తే ఊరిమీద కమ్ముకున్న బొగ్గు పొగకు ఒక్కటీ బతికేది కాదు. 1829లో ఆయన, రాత్రిళ్లు తిరిగే ఒక పెద్ద రెక్కల పురుగు ప్యూపాలోంచి బయటికి రావడం చూద్దామని, దాన్ని వెడల్పు మూతి సీసాలో తడిమట్టిలో పాతి మూత బిగించారు. పురుగు సంగతి ఏమో గాని, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డిపరక మొలిచాయి. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరై అద్దానికి పడుతోంది, చల్లబడగానే తిరిగి మట్టిలోకి దిగుతోంది. కిటికీ బయట పెట్టిన ఆ సీసాలో మొక్కలు చుక్క నీరు పోయకుండా దాదాపు నాలుగేళ్లు బతికాయి. చివరికి మూత తుప్పుపట్టి వాననీళ్లు చేరడంతో పోయాయి. నీళ్లు లేక కాదు, ఎక్కువై!

వార్డ్ అక్కడితో ఆగలేదు. 1833లో కొయ్య, గాజు పలకలతో రెండు పెట్టెలు చేయించి, మొక్కలు పెట్టి సిడ్నీ వెళ్లే ఓడ ఎక్కించారు. నెలల తరబడి సముద్ర ప్రయాణం చేసినా మొక్కలు పచ్చగా దిగాయి. 1834లో అవే పెట్టెలు ఆస్ట్రేలియా మొక్కలతో లండన్‌కు తిరిగి వచ్చాయి. అంతకు ముందు ఓడ ఎక్కిన మొక్కల్లో ఎక్కువ భాగం ఉప్పుగాలికి, మంచినీటి కరువుకు దారిలోనే పోయేవి.

ఆ తరువాత కథ మన దేశానికి వచ్చింది. 1848లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ ఫార్చ్యూన్‌ను చైనాకు పంపగా, ఆయన టీ మొక్కలను ఈ పెట్టెల్లోనే కలకత్తాకు, అక్కడి నుంచి హిమాలయ పాదాల తోటలకు చేర్చారు. 1860–61 ప్రాంతంలో దక్షిణ అమెరికా నుంచి సింకోనా మొక్కలు నీలగిరులకు వచ్చాయి. వాటి బెరడే క్వినైను. మలేరియా సంగతి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదులో కనిపెట్టే నాటికే మందు మన కొండల మీద పండుతోంది. చైనావారి టీ, ఆండీస్ కొండలవారి బెరడు వారికి పెద్దగా లాభం మిగల్చకుండా వెళ్లిపోయాయన్నది కూడా చరిత్రే. ఆ ఫైలును ఎవరూ సరిగా మూయలేదు.

ఇంగ్లండులో గాజు మీద సుంకం 1845లో ఎత్తివేయగానే మధ్యతరగతి ఇళ్లలోనూ ఈ పెట్టెలు వెలిశాయి. ఫెర్న్‌ల మోజు ఎంత ముదిరిందంటే చార్లెస్ కింగ్‌స్లీ 1855లో దానికి ఒక జబ్బు పేరు లాంటిదే పెట్టాడు. ఆ ఫెర్న్‌ల పాదాల దగ్గర పచ్చ తివాచీలా పరిచినదే మన కథానాయిక, సెలాజినెల్లా. అప్పట్లో చాలామంది దీన్ని లైకోపోడియం అని పిలిచేవారు. చూపుకు నాచులా ఉంటుంది గాని నాచు కాదు. నీరు మోసే నాళాలున్న మొక్క. పువ్వు లేదు, విత్తనం లేదు. చిన్న వెన్నుల్లో రెండు సైజుల సిద్ధబీజాలు మోస్తుంది. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఐరోపా, అమెరికాల బొగ్గుగా మారిన మహావృక్షాలు దీని దూరపు బంధువులే. మన సింగరేణి బొగ్గు వేరే వంశం, గ్లోసాప్టెరిస్ చెట్లది. వార్డ్‌గారి ఫెర్న్‌లను చంపిన పొగ ఈ మొక్క చుట్టాలదే అన్నమాట!

ఆఫ్రికా నుంచి వచ్చిన క్రౌసియానా పచ్చగా అల్లుకుంటుంది. చైనాది అన్‌సినాటా; నీడలో నెమలికంఠం రంగులో మెరుస్తుంది. అది రంగు కాదు, ఆకు పైపొరలో వెలుగు చేసే గారడీ. ఎండలో పెడితే ఆ నీలం పోతుంది.

ఆ మోజు వల్ల అక్కడి అడవుల్లో అరుదైన ఫెర్న్‌లు వేళ్లతో సహా ఖాళీ అయ్యాయి. మన దగ్గరా అదే జరుగుతోంది. మధ్య భారతపు కొండల్లో పెరిగే సెలాజినెల్లా బ్రయాప్టెరిస్ ఎండి ముడుచుకుని, నీళ్లు తగలగానే విచ్చుకుంటుంది. దాన్ని సంజీవని పేరుతో బుట్టల్లో అమ్ముతారు. లక్ష్మణుణ్ణి బతికించింది అదేనా అన్నది పండితులు తేల్చవలసిన విషయం. 2009లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు ఆ దిశగా ఒక పరిశోధనా వ్యాసం కూడా రాశారు. కాని బుట్టలోది కొండ మీంచి పీకినదే. నేను కొనను.

నేను ఈ మొక్క జోలికి రావడానికి కారణం వేరు. ఏటా పిల్లల దగ్గరకు నెలల తరబడి వెళ్లే మనవాళ్ల బాల్కనీలు తిరిగి వచ్చేసరికి ఎలా ఉంటాయో మీకు తెలుసు. పైగా మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు, డాబా ఎక్కి నీళ్లు పోయలేదు. సీసా మొక్క ఆమె మంచం పక్కనే ఉంటుంది. అడుగున గులకరాళ్లు, వాటిపై కాస్త బొగ్గు, ఆ పైన కొబ్బరిపీచు పొడి, ఆకు ఎరువు. నర్సరీలో పెంచిన కొమ్మను మట్టికి ఆనించి నొక్కితే కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి. పట్టిన వాననీళ్లే వాడతాం. అద్దానికి పొద్దున ఆవిరి పట్టి మధ్యాహ్నానికి విడిపోతే తేమ సరిపోయినట్లు. రోజంతా విడవకపోతే మూత తీసి ఆరనివ్వాలి. నేరుగా ఎండ మాత్రం పనికిరాదు, గాజు లోపల మొక్క ఉడికిపోతుంది.

వచ్చే సర్వసభ్య సమావేశానికి నాలుగేసి అంగుళాల కొమ్మలు తెస్తాను. కావలసినవారు మూత ఉన్న వెడల్పు మూతి గాజు సీసా కడిగి, ఆరబెట్టి తెచ్చుకోగలరు.