పేస్‌మేకర్‌తో పారిశ్రామిక విద్యుత్ పని
పేస్‌మేకర్ లేదా ఐసీడీ (ప్రమాదకరమైన గుండె లయను షాక్‌తో సరిచేసే పరికరం) అమర్చుకున్న ఎలక్ట్రీషియన్లకు, వెల్డర్లకు పనిచోట బలమైన విద్యుదయస్కాంత క్షేత్రాల వల్ల ఎదురయ్యే ముప్పు. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో సెజ్ ఉన్న అనకాపల్లి జిల్లాలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బయటి క్షేత్రాన్ని గుండె స్పందనగా పొరబడితే పేస్‌మేకర్ తన ప్రేరణను ఆపేయవచ్చు. పూర్తిగా దానిమీదే ఆధారపడిన వారికి కళ్లు తిరిగి స్పృహ తప్పవచ్చు. ఐసీడీ అయితే అక్కర్లేని షాక్ ఇవ్వవచ్చు. నిచ్చెన మీదున్న మనిషికి రెండూ ప్రాణాంతకం కావచ్చు. బలమైన అయస్కాంతం దగ్గరుంటే ఐసీడీ షాక్ రక్షణ తాత్కాలికంగా నిలిచిపోతుంది.

మామూలు చేతి పనిముట్లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆర్క్ వెల్డింగ్‌లో మాత్రం వెల్డింగ్ ఆర్క్‌కూ ఒంట్లో అమర్చిన పరికరానికీ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఎడం ఉండాలని తయారీదారులు సూచిస్తారు. కార్మికుణ్ణి ఉద్యోగం మాన్పించే ముందు పనిచోట క్షేత్రాన్ని కొలిపించి, పరికరంలోని రికార్డును కార్డియాలజిస్టుకు చూపించడం న్యాయం.