ఘట్టకుటీ ప్రభాతం: సుంకం కోత, పంపకం మాట

సంస్కృతంలో ‘ఘట్టకుటీ ప్రభాత న్యాయం’ అని ఒక లౌకిక న్యాయం ఉన్నది. సుంకం ఎగవేయదలచిన వర్తకుడొకడు రాత్రివేళ బండి తోలుకొని అడ్డదారి పట్టాడట. చీకటిలో తిరిగి తిరిగి, తెల్లవారేసరికి చూసుకుంటే బండి సరిగ్గా సుంకరి పాక ముందే నిలిచి ఉన్నదట! ఏ చిక్కును తప్పించుకోవాలని బయలుదేరామో, చివరకు ఆ చిక్కు దగ్గరికే చేరుకోవడమని దీని తాత్పర్యం.

మన శాసనసభల్లో ప్రయాణపు పన్నులను తగ్గించిన చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఈ న్యాయమే స్ఫురిస్తుంది. ఎంత తగ్గించాలన్నదాని మీద వాదోపవాదాలు జోరుగా సాగుతాయి. తగ్గినదాని భారం ఎవరు మోయాలి, మిగిలినదానిలో ఎవరికెంత వాటా అన్న ప్రశ్నను మాత్రం రాత్రివేళ అడ్డదారిన దాటించాలని చూస్తారు. తెల్లవారేసరికి ఆ ప్రశ్నే పాకలా ఎదురు నిలుస్తుంది. రేవుపట్టణమూ, ఉక్కునగరమూ అయిన మా విశాఖపట్నం విమానాశ్రయాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ చరిత్రను కొంత చెప్పాలని ఈ వ్యాసం.

‘శుల్కం’ ప్రకృతి, ‘సుంకం’ వికృతి. బడిలో ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పినవాణ్ణి. సుంకం వసూలు చేసేవాడు సుంకరి. ‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్టు’ అని సామెత. అతగాడు వినడు, విన్నా వదలడు. సుంకరి చేత కూడా వదిలించిన రాజు మన తెలుగుదేశంలో ఒకడుండెను. ఆయన కాకతి గణపతిదేవుడు. శకం 1166, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం సంగతి చాలామందికి తెలిసినదే. అంతకుముందు రాజులు తుపాను దెబ్బకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకునంతా బలవంతంగా లాగుకొనేవారు. గణపతిదేవుడు ఆ దుర్నయాన్ని మాన్పించి, ‘కౢప్త శుల్కం’ తప్ప మరేమీ తీసుకోబోమని విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. కౢప్తమంటే నిర్ణయించినది అని అర్థం. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి చొప్పున సుంకం. చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు మొదలైన సరుకులకు దేనికెంతో శాసనంలోనే చెక్కించాడు.

ఈ శాసనంలో నాకు నచ్చినది తగ్గింపొక్కటే కాదు. లెక్కను రాతిమీద పదిమందికీ కనబడేటట్లు పెట్టడం. ఓడ ఎక్కక ముందే తాను ఎంత చెల్లించాలో వర్తకుడికి తెలుసు. ఓడ దిగిన తరువాత తానెంత అడగవచ్చునో సుంకరికీ తెలుసు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ అభయం ప్రకటించవలసి వచ్చిందంటే, మాట ఇవ్వడం కంటే దానిని నిలబెట్టడం కష్టమని తెలుస్తున్నది.

ఇక కంపెనీవారి కాలం. ‘సాయరు’ అని పిలిచే లోపలి రవాణా సుంకాలు చెన్నరాజధాని అంతటా ఉండేవి. ఒక ఊరి బట్ట మరొక ఊరికి చేరేలోగా చౌకీ చౌకీకీ చెల్లింపే. 1844లో 6వ నంబరు చట్టంతో వీటిని ఎత్తివేశారు. వర్తకులకూ నేతగాళ్ళకూ గొప్ప ఊరటే. అయితే పోయిన రాబడిని ఎక్కడినుంచి తెచ్చుకున్నారు? ఉప్పు మీదనుంచి! ఆ ఏడే ప్రభుత్వపు ఉప్పు ధర పెంచారు. తరువాత కొంత తగ్గించినా, పాత ధరకు రానీయలేదు. మన కళింగతీరంలో ఉప్పు పండించే ఊళ్ళకు కొదవ లేదు. అయినా ఆ ఉప్పుకే పేదవాడు ఎక్కువ చెల్లించవలసి వచ్చింది. బండిమీద సరుకు వేసుకొని పోయేవాడి సుంకం, ముంతలో గంజి తాగేవాడి ఉప్పురాయిమీదికి దిగిందన్నమాట. తగ్గింపు చరిత్రలో ఇది మొదటి పాఠం.

రెండవ పాఠం 1931 నాటిది. అప్పటికి మోటారు బస్సులు, లారీలు వచ్చాయి. పురపాలక సంఘాలూ, జిల్లా బోర్డులూ తమ తమ రోడ్లమీద గేట్లు వేసి ఆశీలు వసూలు చేసుకొనేవి. ప్రతి గేటు దగ్గరా బండి ఆగాలి, చీటీ తీసుకోవాలి. ఆ రాబడితోనే ఆ సంఘాలు కంకర పరిచేవి. గేట్లు తీసేస్తే ప్రయాణం సాఫీగా సాగుతుంది, కానీ రోడ్డు వేసేవాడి చేతిలో డబ్బుండదు. ఈ రెండింటినీ సమన్వయం చేయడానికి వచ్చినదే 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్నుల చట్టం. గేట్లు పోయి, రాజధాని మొత్తానికి ప్రభుత్వమే ఒక పన్ను వేసి, స్థానిక సంస్థలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. కోతా పంపకమూ ఒకే చట్టంలో ఇమిడినందుకు దానిని మెచ్చుకోవాలి.

చిక్కు పరిహారపు కొలతలో ఉన్నది. అంతకుముందు గేట్ల దగ్గర వచ్చిన రాబడి ఆధారంగా పరిహారాన్ని లెక్కగట్టారు. బండ్లు పెరిగినకొద్దీ ప్రభుత్వానికి పన్ను పెరుగుతూ పోయింది. పరిహారం మాత్రం పాతకాలపు గేటుకే కట్టివేసిన ఎద్దులా ఉండిపోయింది. విశాఖనే చూడండి. చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1933లో, రేవు తెరిచారు. ఆ ఏడు డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా ప్రారంభించాడు. రాయపూరు-విజయనగరం రైలుమార్గం 1931లోనే పూర్తయింది. జాలరి పల్లెలూ, కొద్దిపాటి తెల్లదొరల బంగళాలూ ఉన్న ఊరు పెద్ద రేవుపట్టణమైంది. రేవుకు పోయే లారీ బరువును మోసేది ఊరి రోడ్డు. ఆ బరువుకు తగినట్టు పెరగవలసినది ఊరి వాటా కదా!

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం రాసినవారు ఈ సంగతి బాగానే ఆలోచించారు. 269వ అధికరణం మొదటి రూపంలో, రైలు, సముద్రం, విమానం ద్వారా వెళ్ళే సరుకుల మీదా, ప్రయాణికుల మీదా వేసే ‘టెర్మినల్’ పన్నులను కేంద్రం విధించి వసూలు చేసినా, రాబడిని రాష్ట్రాలకే అప్పగించాలని రాశారు. విమానాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని ఉన్న రోజుల్లోనే ‘విమానం’ అన్న మాటను పంపకాల అధికరణంలో చేర్చడం దూరదృష్టి. ఈ అధికరణాన్ని 2000 నాటి 80వ సవరణతో తిరగరాశారు.

ఈ అధికరణం కింద నిజంగా అమలైనది రైలు ఛార్జీల పన్ను. 1957లో పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుడి టిక్కెట్టు మీద వచ్చిన పన్ను రాష్ట్రాలకు పోయేది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1961లో, ఆ పన్నును రద్దుచేసి రైలు ఛార్జీల్లోనే కలిపేశారు. ప్రయాణికుడికి ఊరట ఏమీ లేదు, టిక్కెట్టు వెల అట్లాగే ఉన్నది. మారినదల్లా డబ్బు ఎవరి పెట్టెలో పడుతున్నదన్నదే. పన్నుగా ఉన్నప్పుడు రాష్ట్రాలది, ఛార్జీగా మారగానే రైల్వేది. రాష్ట్రాలకు బదులుగా ఏటా 12.5 కోట్ల రూపాయల గ్రాంటు నిర్ణయించారు. రైలెక్కే జనం పెరిగినా ఆ అంకె తనంతట తాను పెరగదు. 1931 నాటి గేటుకు కట్టిన ఎద్దే మళ్ళీ వచ్చిందన్నమాట! ఈ గ్రాంటు పంపకాన్ని గూర్చి ఆలోచించవలసిన పని ఆర్థిక సంఘాల మీద పడింది. 1964లో ఏర్పడిన నాలుగవ ఆర్థిక సంఘానికి అధ్యక్షులు మన పాకాల వెంకట రాజమన్నారుగారు. మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు, ‘తప్పెవరిది’ అన్న తెలుగు నాటకం రాసినవారు. ఆ నాటకం పేరే ఈ లెక్కలకూ తగినట్టు నాకు తోస్తుంది.

విమానం సంగతికి వద్దాం. 1989లో కేంద్రం దేశీయ విమాన ప్రయాణపు పన్ను తెచ్చింది. అది టిక్కెట్టు మీద 15 శాతం దాకా పెరిగి, 2004 జనవరిలో రద్దయింది. రాష్ట్రాల చేతిలో మిగిలిన ముఖ్యమైన పన్ను, విమానంలో పోసే ఇంధనం మీది అమ్మకపు పన్ను. విమానాలు ఎక్కడ పన్ను తక్కువో అక్కడ ట్యాంకు నింపుకుంటాయి. అందుచేత రాష్ట్రాలమధ్య పోటీ వచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పన్నును 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది. అప్పటి కేంద్ర పౌరవిమానయాన మంత్రి విజయనగరం సభ్యులు పూసపాటి అశోక్ గజపతిరాజుగారు. ఆయన హయాంలో 2016 జూన్‌లో వచ్చిన జాతీయ విధానం, చిన్న విమానాశ్రయాల దగ్గర ఇంధనపు పన్నును 1 శాతానికి మించనీయవద్దని రాష్ట్రాలను కోరింది. ఆ విధానంలోనే ‘ఉడాన్’ పథకం ఉన్నది. రద్దీ మార్గాల్లో తిరిగే విమానాల మీద కొంత రుసుము వేసి, చిన్న ఊళ్ళ విమానాల నష్టాన్ని పూడ్చడం దాని పద్ధతి. ఇది కోతతో పాటు పంపకాన్ని కూడా రాసుకున్న ఏర్పాటు. ఆ మేరకు మెచ్చదగినదే.

కానీ ఈ పంపకంలో విమానాలకూ విమానాలకూ మధ్య లెక్క ఉన్నది. విమానాశ్రయాన్ని మోసే ఊరికి లెక్క లేదు. విశాఖ విమానాశ్రయం దశాబ్దాలపాటు నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగాలోనే నడిచింది. కేంద్రం ఆస్తి మీద రాష్ట్రంగాని, స్థానిక సంస్థగాని పన్ను వేయరాదని 285వ అధికరణం. ఇంధనం మీది పన్ను రాష్ట్ర ఖజానాకు. కారు నిలిపినందుకు ఇచ్చే రుసుము విమానాశ్రయ నిర్వాహకులకు. దానిమీద వేసే జి.ఎస్.టి. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. ఎన్.ఏ.డి. కూడలి మీదుగా, ఉక్కునగరం లారీల నడుమ నుంచి ఆ కారు నడిచివచ్చిన రోడ్డుకు ఇందులో నేరుగా రాసిపెట్టిన పైసా ఏది?

అమెరికాలో సియాటిల్ దగ్గర ‘సీటాక్’ అనే చిన్న పట్టణం ఉన్నది. ఊరి పేరే విమానాశ్రయం పేరు. అక్కడ కారు నిలిపినందుకు ఆ పట్టణం పన్ను వేసుకోగలదు. ఆ వాషింగ్టన్ రాష్ట్రపు చట్టం ప్రకారం ఆ పన్నును రవాణా అవసరాలకే వెచ్చించాలి. తగ్గించాలన్నా, వాటా మార్చాలన్నా అక్కడ చట్టసభలో ఊరి పేరు చెప్పి వాదించవచ్చు. మనకు అటువంటి పన్నే లేదు కనుక వాదించే సందర్భమే రాదు. పన్ను లేకపోవడం సుఖమే, కాదనను. కానీ వాటా అడిగే నోరు కూడా దానితోపాటే పోయింది.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు మాత్రం పాత పాఠం నేర్చుకున్నారు. రాష్ట్రాలకు ఇచ్చే పరిహారాన్ని 2015-16 రాబడి మీద ఏటా 14 శాతం పెరుగుదలతో లెక్కగట్టి చట్టంలోనే రాశారు. ఎద్దుకు పొడుగాటి పలుపు కట్టారన్నమాట. అయితే గడువు ఐదేళ్ళే. 2022 జూన్‌తో అది ముగిసింది. విమాన ఇంధనం జి.ఎస్.టి.లో చేరలేదు. 2024 డిసెంబరు 21న జైసల్మేరులో జరిగిన మండలి సమావేశంలో చేర్చాలన్న ప్రతిపాదన వస్తే రాష్ట్రాలు ఒప్పుకోలేదు. తమ చేతిలో మిగిలిన కొద్దిపాటి పన్నును వదులుకోవడానికి అవి జంకాయి. 1961 నాటి అనుభవం ఉన్నవారికి ఆ జంకు అర్థం కానిది కాదు. ఆ నాటికి కేంద్ర పౌరవిమానయాన మంత్రి శ్రీకాకుళం సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. ఉత్తరాంధ్రకు ఈ శాఖ పదేళ్ళలో రెండుసార్లు దక్కడం విశేషం.

అందుకే ఈ ప్రశ్నను ఉత్తరాంధ్రవాళ్ళమే ముందుగా అడగాలని నా మనవి. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగింది. పౌర విమానాలను విశాఖ నుంచి అక్కడికి మార్చాలన్నదే సంకల్పం. గూడెపువలస, రావాడ వంటి పల్లెల రైతుల నేలమీద అది లేచింది. రాకపోకల భారం భోగాపురం పంచాయతీ మొదలు మధురవాడ దాకా రోడ్లమీద పడుతుంది. ఆశ కొద్దీ ఇంధనపు పన్నులూ, రుసుములూ ఇంకా తగ్గించమని అడిగేవారుంటారు. తగ్గించవచ్చు. గణపతిదేవుడు తగ్గించే మోటుపల్లి రేవును నిలబెట్టాడు. కానీ తగ్గించే చట్టంలోనే, మిగిలినదానిలో పంచాయతీకి ఎంత, నగరానికి ఎంత, రద్దీ పెరిగితే ఆ వాటా ఎట్లా పెరుగుతుంది అన్న మూడు ముక్కలూ రాయాలి. ఆయన ముప్పైకి ఒకటి అని రాతిమీద రాయించగలిగినప్పుడు, మన శాసనసభ్యులు కాగితం మీద రాయించలేరా?

నాయకులు రాయకపోతే ఏమవుతుందో 1844లో ఉప్పు కొన్నవాడికి తెలుసు, 1931 తరువాత కంకర లేని రోడ్డు మీద నడిచినవాడికి తెలుసు. మీ మీ ఊళ్ళలో పాత ఆశీలు గేట్ల గుర్తులూ, వాటిని గూర్చి పెద్దలు చెప్పుకొనే మాటలూ ఏమైనా ఉంటే చదువరులు తెలియజేయగలరు. అవి కూడా చరిత్రే, ఎక్కడో ఒకచోట రాసి ఉంచవలసినవే.

స్వస్తి.