గండిక్షేత్రపు రేఖయు ముంగిటి ముగ్గును

కడపజిల్లాలో వేంపల్లెకు సమీపమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొని వెలువడు చోటికి గండి యని పేరు. ఇదే జిల్లాలో జమ్మలమడుగు సమీపమున పెన్నానది చీల్చిన లోయపై వెలసిన దుర్గము గండికోట. రెండుపేర్లును నేలపోలికనుబట్టి వచ్చినవే. ఈ వ్యాసమునకు విషయము మొదటి గండి. అచ్చటి వీరాంజనేయస్వామి ఆలయమును గూర్చిన ఐతిహ్యములో ఒక చిన్న యంశము కలదు. దానిని మన యింటి ముంగిటి ముగ్గుతో చేర్చి పరిశీలించుట నా యుద్దేశము.

లంకనుండి మరలివచ్చుచు శ్రీరాముడు ఇచట విడిసి, ఆంజనేయుని తలచుకొని, బాణపు మొనతో కొండరాతిపై ఆయన రూపమును గీసెనట. ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము మిగిలిపోయినదట. తరువాతి కాలమున వ్యాసరాయలు ఆ గీతననుసరించి విగ్రహమును మలచెననియు, ఆ వ్రేలొక్కటి శిలనుండి విడివడలేదనియు చెప్పుదురు. శ్రావణమాసపు శనివారములలో అచ్చటికి వచ్చు యాత్రికులలో ఈ కథ నెరుగనివారు తక్కువ.

రామకథను సంవత్సరముతో ముడివేయుట చరిత్రకారుని పని కాదు. వ్యాసరాయలు మాత్రము చారిత్రకపురుషుడు, శ్రీకృష్ణదేవరాయల గౌరవమునందిన మాధ్వయతి, 1539లో సిద్ధిపొందెను. ఆయన 732 ఆంజనేయమూర్తులను ప్రతిష్ఠించెనని సంప్రదాయము. నా ప్రశ్న వేఱు. మన స్థలపురాణములలో దేవుడు తనంతట వెలయును, పుట్టలో దొరకును, లేదా ఋషిచే ప్రతిష్ఠింపబడును. గండిలో మొదట నున్నది ప్రతిష్ఠ కాదు, గీత. అదియును అసంపూర్ణమైన గీత. జనులు ఆ లోపమును దాచలేదు. కథకు దానినే గుర్తుగా నిలుపుకొనిరి.

ఈ వ్యాసరాయలను గూర్చియే హంపీలో మఱియొక కథ కలదు. చక్రతీర్థము కడ బండపై ఆయన బొగ్గుతో హనుమంతుని గీసి ధ్యానించెడివాడు. ధ్యానము ముగియగనే బొమ్మ మాయమయ్యెడిది. ఇట్లు పండ్రెండు దినములు జరిగినపిదప, బొమ్మచుట్టు షట్కోణయంత్రమును గీసి దానిని నిలిపెనట. అచ్చటి మూర్తికి యంత్రోద్ధారకుడని పేరు. యంత్రముచుట్టు ఒకదాని తోక నొకటి పట్టుకొనిన పండ్రెండు వానరములు నేటికిని కానవచ్చును. గండిలో గీత ముగియలేదు, హంపీలో నిలువలేదు. రెండుచోట్లను గీయుట ధ్యానముతో ముడివడియున్నది.

గీయుచు మనస్సును నిలుపుట విద్యగా నేడు విదేశములనుండి మనకు మరల వచ్చుచున్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అను దంపతులు ఈ శతాబ్దపు తొలిదశకమున జెంటాంగిల్ అను పద్ధతిని కల్పించిరి. మూడున్నర అంగుళముల చదరపు కాగితము, ఒక కలము; చెరుపుటకు సాధనము లేదు; చిన్నగీతలను మరల మరల వేయుచు పోవలెను. ప్రారంభకులకు తగిన వ్యాసంగమని దానికి ప్రచారము. మన పట్టణములలోను దానిని నేర్చువారున్నారు. నేర్చుకొనుటలో తప్పులేదు. కాని గీతను ఎత్తకుండుట, చెరుపకుండుట అను నియమములు తమ అవ్వగారి ముంగిట నుండెనని విద్యార్థులు ఎరుగకుండుట నాకు కష్టముగా తోచినది.

ముగ్గునకు ప్రాచీనరూపము మ్రుగ్గు. చతుష్షష్టికళలలో వాత్స్యాయనుడు బియ్యముతోను పువ్వులతోను చేయు రచనలను చేర్చెను. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమున ధూళిచిత్రమును ఒక చిత్రభేదముగా పేర్కొనెను. తెలుగుభాషలో ఈ మాట వేళ్లూనినంతగా చాల కళల పేర్లు ఊనలేదు. ఇంటి పునాదికి సున్నముతో గీత వేయుట ముగ్గుపోయుట. ఒకని వలలోనికి లాగుట ముగ్గులోనికి దించుట. నెరసిన తల ముగ్గుబుట్ట. కడపజిల్లావారు బెరైటీస్ ఖనిజమును ముగ్గురాయి యనియే పిలుతురు. పులివెందుల ప్రాంతమున వేంపల్లె సున్నపురాతి పొరలలో అది దొరకును. నేడు చమురుబావులు త్రవ్వుటకు ఓడలకెక్కు ఆ రాయి, పేరులో మాత్రము ముంగిలిని విడువలేదు.

ముగ్గులలో మెలికలముగ్గు ప్రస్తుతవిషయమునకు ముఖ్యమైనది. ఇందులో గీత చుక్కలను కలుపదు, వానిచుట్టు తిరుగును. క్రొత్తగా నేర్చువారు రెండువరుసలు, వరుసకు మూడేసి చుక్కలు పెట్టి ప్రారంభింపవచ్చును. ఇరుగుపొరుగు చుక్కల నడుమ నెల్ల గీతలు ఒకదానినొకటి దాటవలెను, అంచున వంపుతిరుగవలెను. ఏడుచోట్ల దాటి గీత బయలుదేరినచోటికే వచ్చును. మూడువరుసలు నాలుగేసి చుక్కలైనను ఒకే గీత సరిపోవును. నాలుగువరుసలు నాలుగేసి చుక్కలు పెట్టినచో ఒకటి చాలదు. నాలుగు వేర్వేరు గీతలు కావలెను. వరుసల సంఖ్యకును చుక్కల సంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజకమెంతయో, గీతలన్ని. ఈ నియమము నెరుగక నేను నలువదియేండ్లు దాటినపిదప కాగితముపై నాలుగు నాలుగుల ముగ్గును ఒకే గీతతో ముగింపవలెనని రెండు సాయంకాలములు పాటుపడితిని. మా యమ్మ చూచి, "అది కలవదురా, ఒక చుక్క తగ్గించు" అనెను. ఆమెకు భాజకమను మాట తెలియదు.

ఈ గణితమును పండితులు గుర్తించుట ఆలస్యమైనది. మదరాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరొమొనీ తన సహపరిశోధకులతో 1974లో తమిళుల కోలమును వ్యాకరణసూత్రములతో వివరించెను. ఆఫ్రికాలో అంగోలా ప్రాంతపు చోక్వేజాతివారు ఇసుకలో చుక్కలుపెట్టి ఇట్టివే 'సోనా' చిత్రములు గీయుదురు. మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ వానిని విపులముగా పరిశీలించెను. అచ్చట గీయువారు పురుషులు, గీయుచు కథ చెప్పుదురు. మన ముంగిట స్త్రీ గీయును. చుక్కలు లెక్కించునంతసేపు మాటాడదు.

ముగ్గు మంగళచిహ్నమే గాని ధ్యానము కాదని కొంద రనవచ్చును. ఆ యాక్షేపమున సత్యము లేకపోలేదు. కల్లాపి చల్లి ముగ్గు పెట్టిన యిల్లాలు దానిని ధ్యానమనలేదు, ఇంటిపని యనినది. ఆ పేరు మనము పెట్టుచున్నది. అయినను 9 చుక్కలు, 5 వచ్చువరకు సందుచుక్క యనగా 61 చుక్కలు. ఇన్నింటిని మనస్సున నిలిపి, వ్రేళ్లసందున పిండిని సమముగా విడుచుచు, మొదటిచుక్క కడకు తిరిగివచ్చుట అలవాటుచే మాత్రము జరుగదు. రాలినపిండిని ఎత్తుట సాధ్యము కాదు. ప్రొద్దెక్కువేళకు కాళ్లక్రింద అది చెదరిపోవును. మరునాడు మరల మొదలు. హంపీకథలో ప్రతిదినము మాయమైన బొమ్మను యంత్రము నిలిపినది. ముంగిట నట్లు నిలుపవలెనని ఎవరును కోరలేదు. గండికథకును ముగ్గునకును కార్యకారణసంబంధము కలదని నేననను. చేతిపనిలో పుట్టిన ఆలోచన కథలోనికి చేరియుండవచ్చునని మాత్రము అనుచున్నాను.

మన శాఖలు తాటాకులను సేకరించినవి, శాసనములను అచ్చొత్తినవి. ముగ్గులను స్త్రీలు వ్రాసియుంచుకొను పుస్తకములు మాత్రము పాతకాగితములతో పోవుచున్నవి. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల విద్యార్థులు తమ యిండ్లనుండియే వీనిని తేవచ్చును. కాని ఆ పుస్తకములలో ముగిసిన రూపము మాత్రమే యుండును. గీత ఏ చుక్కకడ మొదలై ఏ వంక తిరిగినదో ఉండదు. అది గీసినవారిని కూర్చుండబెట్టి, మరల గీయించి, చూచి వ్రాసికొనవలసినదే.