పైన్ చెక్కలో రెండు నీళ్ళు

అమెరికా దక్షిణ రాష్ట్రాల లాంగ్‌లీఫ్ పైన్ కలప పంతొమ్మిదో శతాబ్దంలో వంతెనలకూ మిల్లులకూ ఓడలకూ పెట్టింది పేరు. కానీ దాని బలమెంతో ఇంజనీర్లు కచ్చితంగా చెప్పలేకపోయేవారు. ఒకరు దూలం విరిచి చూస్తే ఒక అంకె వచ్చేది, మరొకరికి ఇంకొకటి.

1890ల్లో బెర్న్‌హార్డ్ ఫెర్నో నడిపిన ప్రభుత్వ అటవీ విభాగం కోసం సెయింట్ లూయిస్‌లో ప్రొఫెసర్ జె.బి. జాన్సన్ వేలాది ముక్కలు పరీక్షించారు. టర్పెంటైన్ కోసం గాట్లు పెట్టిన పైన్ బలహీనమన్న పాత నమ్మకం అప్పుడే వీగిపోయింది. ఇక అసలు దొంగ తేమేనని తేలుతూ వచ్చింది. పచ్చి చెక్క మెత్తన, ఆరితే గట్టి అని ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. ఎంత ఆరితే ఎంత గట్టి? చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు హ్యారీ టీమన్ చేతికొచ్చింది. అటవీ శాఖ తరఫున యేల్ అటవీ పాఠశాలలో ఆయన పరీక్షలు సాగాయి. పెద్ద దూలాలు ఏమీ తేల్చనివ్వవు. పైపొర ఎండి బిగుస్తుంది, నడిమి భాగం పచ్చిగానే ఉంటుంది. రెంటి బలమూ కలగలిసి గ్రాఫులో గీత ఎక్కడా మలుపు లేకుండా నున్నగా సాగిపోతుంది. అందుకే ఆయన చిన్న ముక్కలు తీసుకుని, లోపలా బయటా సమంగా ఆరేట్టు నిదానంగా ఆరబెట్టారు. తూచడం, నలగ్గొట్టడం, ఓవెన్లో పూర్తిగా ఎండబెట్టి మళ్ళీ తూచడం. విసుగు పుట్టించే పనే, కానీ ఫలితమంతా ఆ ఓపికలోనే ఉంది.

ఈసారి గీతలో మలుపు దాగలేదు. నీరు ఎంత పోతున్నా చాలాసేపు బలం ఏమాత్రం మారలేదు. ఒకచోట మాత్రం చటుక్కున పైకి లేచింది.

కుండలో నీళ్ళు ఒంపేసినా మట్టి గోడ తడిగానే ఉంటుంది కదా, చెక్క కణాలదీ అదే తీరు. ముందు కణాల బోలులోని నీరు పోతుంది, దాంతో బలానికి సంబంధం లేదు. గోడల్లో ఇంకిన నీరు కదిలినప్పుడే చెక్క బిగుస్తుంది, కుదించుకుపోతుంది. ఆ మలుపుకి టీమన్ 1906లో 'ఫైబర్ శాచురేషన్ పాయింట్' అని పేరు పెట్టారు. ఎండు చెక్క బరువులో సుమారు 25-30 శాతం తేమ దగ్గర అది వస్తుంది. పచ్చి లాంగ్‌లీఫ్ పైన్ వెలుపలి చెక్కలోనైతే నీటి బరువు ఎండు చెక్క బరువును మించుతుంది. అందులో అధిక భాగం పోయేదాకా చెక్కకు చీమ కుట్టినట్టయినా ఉండదన్నమాట! ఆ తర్వాత 12 శాతానికి ఆరేసరికి నిలువు ఒత్తిడిని ఓర్చే బలం దాదాపు రెట్టింపవుతుంది.

1910లో మాడిసన్‌లో అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల తెరిచారు. నీటి తుంపరలతో గాలి తేమను అదుపుచేస్తూ, పగుళ్ళు రాకుండా కలపను ఆరబెట్టే బట్టీలను టీమన్ అక్కడ తీర్చిదిద్దారు. అదే ప్రయోగశాలలో ఆల్‌ఫ్రెడ్ స్టామ్ చెక్కలో విద్యుత్తు పారించి చూశారు. ఆ మలుపు దాటి ఆరేకొద్దీ విద్యుత్ నిరోధం లక్షల రెట్లు పెరుగుతుంది. దాన్నిబట్టే తేమను లెక్కకట్టవచ్చని 1927లో చూపారు. కలప అడితీల్లో చెక్కకు రెండు సూదులు గుచ్చి చూసే మీటర్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. మలుపుకు పైన, అంటే తేమ 30 శాతాన్ని మించి ఉన్నప్పుడు మాత్రం నిరోధం పెద్దగా మారదు కాబట్టి ఆ మీటరు లెక్కను నేటికీ నమ్మలేం.