చాప ఎవరిది? కూడు ఎవరిది?

పల్నాడు అనగానే అందరికీ పౌరుషం గుర్తొస్తుంది. కోడిపందెం, కారెంపూడి యుద్ధం, బాలచంద్రుడు, నాయకురాలు నాగమ్మ. పుస్తకాల్లో అదే, సినిమాల్లో అదే. మాలాంటివాళ్లకి మాత్రం పల్నాటి చరిత్ర అంటే ముందు కూడు గుర్తొస్తుంది. ఎవరు ఎవరి పక్కన కూచుని తిన్నారు, ఎవరు దూరంగా గొంతుక్కూచుని తిన్నారు అనేదే మా చరిత్ర. రాజుల వంశవృక్షాలు మాకు లేవు. మా తాతల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. కానీ ఎవరి గడప ముందు దోసిలి పట్టి నీళ్లు తాగారో ఆ లెక్క మాత్రం మా అమ్మానాయనల నోట్లో భద్రంగా వుంది. మా మాదిగపల్లెలో మా ఇంటినుంచి డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. ఆ లెక్క రాసిపెట్టే పని నామీద పడింది.

చాపకూడు సంగతి పల్నాటి పిల్లలందరూ వింటారు. పన్నెండో శతాబ్దంలో మాచర్ల పక్షాన మంత్రిగా వున్న బ్రహ్మనాయుడు కులంతో పనిలేకుండా అందర్నీ వొకే పంక్తిలో కూచోబెట్టి కూడు పెట్టాడంటారు. మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడంటారు. కారెంపూడిలో నాగులేరు వొడ్డున ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ల జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఆ వొక్కపూట పక్కవాడి కులం ఏందని ఎవరూ అడగరు.

ఈ కథని మనదాకా మోసుకొచ్చింది ఎవరు? శ్రీనాథుడి పేరుమీద వున్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు వుమాకాంతం 1911లో అచ్చు వేయించారు. చదువుకున్నవాళ్లు దాన్నే పల్నాటి వీరచరిత్ర అంటారు. అయితే అచ్చుకి ముందూ తర్వాతా కూడా ఈ కథని గొంతులో పెట్టుకుని తిరిగినవాళ్లు వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథని రికార్డు చేసుకుని, దానిమీద 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. అంటే పల్నాటి చరిత్రకి అసలు గ్రంథాలయం మాలపల్లే. చాప పరిచిన మంత్రి పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ చాపని తరాల తరబడి పాటలో మోసినవాళ్ల పేర్లు ఎక్కలేదు.

ఇక్కడ మనం వొక ప్రశ్న వేసుకోవాలి. బ్రహ్మనాయుడి గొప్పతనాన్ని నేను కాదనను. ఆ రోజుల్లో అలాంటి పని చెయ్యడానికి గుండె కావాలి. కానీ ఆ చాప ఎవరిది? కూడు పెట్టింది ఎవరు, తిన్నది ఎవరు? పెట్టేవాడు పెద్దకులంవాడు, మంత్రి. తినేవాడు రేపు యుద్ధంలో ఆయన కోసం చచ్చేవాడు. కన్నమదాసు చాప పరిచి బ్రహ్మనాయుణ్ణి తిందువు రమ్మని పిలిచినట్టు ఏ కథా చెప్పదు. యుద్ధం అయిపోయింది. వీరులంతా రాళ్లయి గుళ్లో నిలబడ్డారు. పల్లె మాత్రం వూరి చివరే మిగిలింది. యుద్ధానికి పనికొచ్చిన సమానత్వం పొలం పంచుకునేకాడికి పనికి రాలేదు.

శ్రీనాథుడి పేరుమీదే చెలామణి అయ్యే చాటువులు కొన్ని పల్నాటి జొన్నకూడుని ఎగతాళి చేస్తాయి. సన్నన్నం తినే కవికి జొన్నలు మింగుడుపడలేదు. నాగార్జునసాగర్ కాలవలకి 1967లో నీళ్లు వదిలేదాకా ఈ నేలకి జొన్నే దిక్కు. మాకు ఆ జొన్నకూడు కూడా కూలికి పోతేనే దొరికేది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం అచ్చువేసేటప్పటికి కూడా మా ఆకలి కబురు దేవుడికి చేరాలంటే మనిషి పనికిరాలేదు, గబ్బిలం కావాల్సి వచ్చింది.

చాప తర్వాత వచ్చింది హోటలు. హోటలు కొత్త రకం చోటు. డబ్బులు ఇస్తే కూడు పెట్టే చోటు. డబ్బుకి అంటు లేదు కదా, ఇక్కడైనా మనిషి మనిషిగా కూచోవచ్చు అనుకోవాలి. అట్లా జరగలేదు. మనం మద్రాసు రాష్ట్రంలో వున్న కాలంలో రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో కూడా బ్రాహ్మలకి వేరే చోటు వుండేది. దానిమీద పెరియార్ ఆత్మగౌరవ వుద్యమం పోరాడింది. రైలు అందర్నీ వొకే పట్టాలమీద తీసుకుపోయింది గానీ వొకే బల్లమీద కూచోబెట్టలేదు.

పల్లెటూళ్ల టీ హోటళ్లలో అది రెండు గ్లాసుల పద్ధతి అయింది. మా నాయన సంతకి పోయిన రోజు హోటల్లో టీ తాగేవాడు. లోపల బల్లలు. బయట తాటాకు పందిరి గుంజకి తగిలించిన సత్తు గ్లాసులు. ఆ గ్లాసు తనే తీసుకోవాలి, తనే కడుక్కోవాలి, పైనుంచి పోస్తే పట్టుకుని తాగాలి, మళ్లీ కడిగి తగిలించాలి. డబ్బులు మాత్రం చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టాలి. "గ్లాసు మనదే, ఎంగిలి మనదే, పైసలు మాత్రం వాళ్లయి రా" అనేవాడు మా నాయన. ఆయనకి అక్షరం ముక్క రాదు. కానీ ఇంతకంటే బాగా ఆ పద్ధతిని వివరించిన పుస్తకం నేను చదవలేదు.

ఇదంతా చట్టం లేని కాలంలో జరిగింది కాదు. 1948 నవంబరు 29న రాజ్యాంగసభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది. అదే ఇప్పటి 17వ అధికరణం. 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు ఎవరికీ కులం పేరుతో మూసెయ్యకూడదని చెప్పింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిపరిచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. కారంచేడులో 1985 జూలైలో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ మాదిగల హత్యాకాండ దాకా పోయింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది వచ్చాక కూడా, 1991 ఆగస్టు 6న, చుండూరు జరిగింది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ అక్కడిదాకా పోయింది. చెరువు, బెంచీ, గ్లాసు. మన రక్తం ఎప్పుడూ ఇట్లాంటి చిన్న వస్తువుల దగ్గరే పారింది. ఎందుకంటే అవి చిన్నవి కావు. పక్కన కూచోవడం అంటే సమానం అని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు.

అమెరికాలో నల్లవాళ్లకీ ఇది తెలుసు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే వూళ్లో నలుగురు నల్ల విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తినే కౌంటర్ దగ్గర కూచుని కాఫీ అడిగారు. ఆ దుకాణం వాళ్లకి సబ్బూ పుస్తకమూ అమ్ముతుంది, కానీ కూచోబెట్టి కాఫీ పొయ్యదు. పొయ్యకపోయినా వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. కొన్ని నెలలకి ఆ కౌంటర్ తెరుచుకుంది. 1964లో వాళ్లకి పౌరహక్కుల చట్టం వచ్చింది. మనకి హక్కు ముందు వచ్చింది, కూచోవడం వెనక వచ్చింది. వాళ్లు ముందు కూచున్నారు, చట్టం వెనక వచ్చింది. విద్యార్థులు ఈ తేడా గురించి ఆలోచించాలి.

ఈ మధ్య టీకొట్ల దగ్గర కాగితం గ్లాసులు వచ్చాక రెండు గ్లాసుల గొడవ పోయిందంటున్నారు. నిజమే, గ్లాసు పోయింది. ఎందుకు పోయింది? ఎవరి ఎంగిలి ఎవరూ కడగాల్సిన పని లేకుండా పోయింది కాబట్టి. అందరికీ పారేసే గ్లాసే ఇచ్చారు. మన గ్లాసుని లోపలికి తీసుకుపోయి కడగలేదు. దాన్ని కులం పోవడం అనరు, కులానికి కొత్త సామాను దొరకడం అంటారు.

పట్నంలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నా దగ్గర పదో తరగతి చదివిన మాలపల్లె అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వుద్యోగం చేస్తోంది. నన్నూ నా భార్యనీ సిటీ నడిబొడ్డున వున్న వొక ఇటాలియన్ రెస్టారెంటుకి తీసుకుపోయింది. తలుపు తీసేవాడు వొకడు, కుర్చీ జరిపేవాడు వొకడు. ఎవరూ మా పేర్లు అడగలేదు, వూరు అడగలేదు. మెనూలో పొలెంటా అని వుంటే ఏందమ్మా అది అన్నాను. తెచ్చి పెట్టారు. మొక్కజొన్న సంకటి! ఇటలీ వుత్తరాన పేద రైతుల కూడు అది. వొట్టి మొక్కజొన్నే తిని అక్కడి పేదలకి పెల్లాగ్రా జబ్బు వచ్చేది. జొన్నే తినే మన దక్కను కూలీల్లో అదే జబ్బుని హైదరాబాదు పోషకాహార శాస్త్రవేత్తలు 1960 ప్రాంతంలో పరిశోధించారు. అక్కడి పేదోడి సంకటి ఇక్కడ తెల్లటి పళ్లెంలో కూచుంది. దాని రేటు మిరపకాయల కోతకి పోయే మా అమ్మ రెండు రోజుల కూలికంటే ఎక్కువ.

ఇంకో వంటకం అరబియాటా. టమాటా, ఎండుమిరప కలిపిన ఎర్రటి సాసు. ఇటాలియన్‌లో ఆ మాటకి కోపంగా వున్నది అని అర్థమట. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి వచ్చినవే. బ్రహ్మనాయుడి చాపకూడులో మిరపకాయ వుండే అవకాశమే లేదు. ఎక్కడో పుట్టిన పంట మన నేలలో కులం సంపాదించుకుంది. చేను వొకరిది, కోసే చేతులు వొకరివి. కోపం కూడా ఆ చేతుల్దే. ఇంకోచోట టెండర్‌లాయిన్ అని వుంది. "అదేందమ్మా" అంటే ఆ పిల్ల నవ్వి "పెద్దకూరే సార్" అంది. 2012 ఏప్రిల్‌లో వుస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే కొట్లాట అయింది. మన పొయ్యిమీద అంటు అయిన కూర అక్కడ ఇంగ్లీషు పేరుతో హోదా అయింది.

"ఇక్కడ మీకు బాగుందా అమ్మా" అని అడిగాను. "ఇక్కడ ఎవరూ అడగరు సార్, బిల్లు కడితే చాలు. ఆఫీసులో అట్లా కాదు. మీదే కులం అనరు. ఇంటిపేరేంటి, వెజ్జా నాన్‌వెజ్జా అంటారు. లంచి డబ్బా మూత తీసేటప్పుడు అందరూ తొంగిచూస్తారు" అంది. ఆ అమ్మాయి మాటల్లో చరిత్ర అంతా వుంది. మనల్ని ఎరగనివాళ్ల మధ్య మనం సమానం. ఎరిగినవాళ్ల మధ్య కాదు. డబ్బు కులాన్ని గుమ్మం దగ్గర ఆపుతుంది, లోపల చంపదు. డబ్బు లేనివాణ్ణి ఆ గుమ్మమే ఆపేస్తుంది. మా టేబుల్ దగ్గర జరిగింది మాత్రం నాకు విలువైందే. మా అమ్మమ్మల కాలంలో మాలపల్లెలో మాదిగలు తినేవాళ్లు కాదు. అదే కూడు, అదే ఆకలి, అయినా రెండు పల్లెల మధ్య గీత. దొర చాప పరవలేదని అడిగే మనం మన రెండు పల్లెల మధ్య చాప పరుచుకోవాలి గదా.

అంబేడ్కర్ 1936లో కులనిర్మూలనలో తేల్చి చెప్పాడు. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, కులాంతర వివాహాలు కావాలి, కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల అధికారం పోవాలి అన్నాడు. చాపకూడు తిన్న పల్నాడుకి ఇది బాగా వర్తిస్తుంది. ఏడాదికి వొక్కపూట చాప, మిగతా రోజులు వాడ. ఇవాళ కూడా వూళ్లో పెళ్లికి మనల్ని పిలిచి బంతిలో కూచోబెట్టేవాళ్లు వున్నారు. వాళ్లింటి పిల్ల మనవాణ్ణి ప్రేమిస్తే కత్తులు తీసేవాళ్లూ వాళ్లే.

అట్లాగని కలిసి తినడం చిన్న సంగతని నేను అనను. రోజూ చూస్తున్నాను కాబట్టి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకి వండిన అన్నం పెట్టమంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకీ గిరిజనులకీ ప్రాధాన్యం ఇమ్మంది. నా దృష్టిలో బ్రహ్మనాయుడి తర్వాత పరిచిన పెద్ద చాప ఇది. ఆ చాపకంటే మేలైంది కూడా. ఇది దొర దయ కాదు, పిల్లల హక్కు. పైగా ఇక్కడ కూడు పెట్టేది మన పల్లె ఆడమనిషి. తినేది వూరంతా. అందుకే గొడవలూ ఇక్కడే వస్తాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కడుపునొప్పి సార్ అని ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుంటారు. ఆ నొప్పి కడుపులో పుట్టింది కాదు, ఇంట్లో పుట్టింది. నేను వాళ్ల పక్కనే పళ్లెం పెట్టుకుని కూచుని తింటాను. వొకడు ఈ యేడు క్యారేజీ మానేశాడు. ఇద్దరు ఇంకా తెస్తున్నారు.

మిత్రులారా, మీ వూళ్లకి పోయినప్పుడు మీ ఇంట్లో ముసలివాళ్లని అడగండి. ఏ హోటలు బయట నిలబడ్డారు, గ్లాసు ఎక్కడ తగిలించేవాళ్లు, మొదటిసారి లోపల బల్లమీద కూచుంది ఎవరు, ఆ రోజు ఏం జరిగింది. తారీఖులు గుర్తులేకపోతే పంటల గుర్తుతో చెబుతారు, వరదల గుర్తుతో చెబుతారు. రాసుకోండి. బడిలో వంటమనిషిని మాన్పించాలని ఎవరన్నా అర్జీ పెడితే అక్కడికి పోయి నిలబడండి. కన్నమదాసు కత్తి గురించి పాటలు చాలా వున్నాయి. కన్నమదాసు కూడు గురించి రాయాల్సింది మనమే.