యల్లాప్రగడ సుబ్బారావు: పరిశోధన పత్రాలు, సైటేషన్లు

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త. పిల్లల్లో తీవ్ర లుకేమియాను కొంతకాలమైనా తగ్గుముఖం పట్టించిన అమినోప్టెరిన్, ఇప్పటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ రెండూ ఆయన పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లోనే తయారయ్యాయి. అయినా శాస్త్ర పత్రికల్లో ఆయన పేరు అన్నిటికంటే ఎక్కువగా మోసినది క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేని 1925 నాటి పత్రం. క్యాన్సర్ మందులను ప్రకటించిన పత్రాల్లో ఆయన పేరే లేదు.

మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరిన సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధనలో చేరారు. ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటిలో ప్రకటించారు. నమూనాకు ఆమ్లమూ అమోనియం మాలిబ్డేటూ చేర్చి, ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఒక కలరీమీటరు ఉంటే చాలు, ఏ ప్రయోగశాలలోనైనా చేసుకోవచ్చు. వాడినవారంతా మూలపత్రాన్ని పేర్కొనక తప్పదు కనుక, దశాబ్దాల పాటు దానికి సైటేషన్లు వచ్చిపడుతూనే ఉన్నాయి. తర్వాత తర్వాత పద్ధతి ఎంతగా అలవాటైపోయిందంటే, ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అని రాసి పత్రం ఊసెత్తని వారూ ఎక్కువే. ఆ వాడకం ఏ లెక్కలోకీ రాదు.

ఈ పద్ధతే తర్వాతి ఆవిష్కరణకు దారి చూపింది. కండరం నుంచి తీసిన సారంతో పరీక్షిస్తే నీలం వెంటనే తేలకుండా నెమ్మదిగా ముదిరింది. క్రియాటిన్‌తో ముడిపడి ఉన్న ఫాస్ఫేటు ఆ ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోవడమే కారణమని తేలింది. ఫాస్ఫోక్రియాటిన్ సంగతి 1927లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 1929లో అదే పత్రికలో, కణాలకు శక్తినందించే ఏటీపీ గురించి కూడా రాశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ దాన్ని విడిగా కనుగొన్నారు.

సైటేషన్లు లెక్కించే పద్ధతి కూడా సుబ్బారావుకు కలిసిరాలేదు. 1960ల్లో యూజీన్ గార్‌ఫీల్డ్ తెచ్చిన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ అచ్చు సంపుటాల్లో పత్రాలను మొదటి రచయిత పేరు కిందే చేర్చేవారు. దాంతో 1925 నాటి పత్రానికి వచ్చిన సైటేషన్లన్నీ ఫిస్క్ పేరు కింద చేరాయి. అచ్చుకాని పనులూ ఉన్నాయి. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదనీ, ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పారు. హిచింగ్స్ కూడా ఫిస్క్ దగ్గర చదువుకున్నవారే కాబట్టి ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

హార్వర్డులో స్థిరమైన పదవి దక్కక, 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీకి వెళ్లారు. అక్కడ పరిశోధన కంపెనీది, పత్రం బృందానిది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్నీ తయారీనీ వివరిస్తూ 1946లో ‘సైన్స్’లో వచ్చిన పత్రానికి 16 మంది రచయితలు. సుబ్బారావు ఏడోవారు. పత్రాన్ని ఉటంకించేవారు ‘ఆంజియర్, ఇతరులు’ అని రాసి ఊరుకుంటారు. ఫైలేరియాకు వాడే హెట్రజాన్‌పై 1947లో వచ్చిన పత్రంలో ఆయన పేరు అందరికంటే చివర ఉంది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. అయితే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడేదాన్ని ఇస్తే జబ్బు తగ్గాలి కదా? లెడర్లీ నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి మేలు కనిపించింది. 1948 జూన్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించిన ఈ ఫలితాలు క్యాన్సర్ చికిత్సా చరిత్రలో ఎంతో ప్రసిద్ధం. రచయితలు ఫార్బర్, ఆయన నలుగురు సహచరులు. అమినోప్టెరిన్ తయారీని 1947లో ప్రకటించిన పత్రం లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్‌లది.

1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ రసాయన వివరాలు 1949లో సీగర్ బృందం పేరుతో వచ్చాయి. 1956లో లీ, హెర్ట్జ్, స్పెన్సర్ ఆ మందుతో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను లొంగదీసిన సంగతి ప్రకటించారు. ఇప్పుడు కీళ్లవాతానికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ గురించి ఏటా వచ్చే పత్రాల్లో చరిత్ర చెప్పవలసి వస్తే, సైటేషన్ సాధారణంగా ఫార్బర్ దగ్గరే మొదలవుతుంది.