47 గుర్రాల కథ

మా మేనల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వాడికి ఈమధ్యే మోటార్ సైకిల్ లైసెన్సు వచ్చింది. ఫోన్ చేసి, "మావయ్యా, రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 కొందామనుకుంటున్నా, ఏమంటావ్?" అన్నాడు. వాడు పెట్టేసిన పది నిమిషాలకి మా అక్క ఫోను. "ఒరేయ్, నువ్వు చెప్తే వింటాడు. వద్దని చెప్పరా" అని.

వద్దని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేనూ, నా స్నేహితుడూ కలిసి వాడి అన్నయ్య యమహా ఆరెక్స్ 100 దొంగతనంగా తీసుకెళ్ళిన వాళ్ళమే. లైసెన్సు వచ్చి వారం. బండి 11 గుర్రాలది, బరువు వంద కిలోలకి కాస్త అటూ ఇటూ. ఓ మలుపులో ఇసక మీద జారింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, వాడి కాలు విరిగింది. వాడు ఇప్పటికీ కొంచెం కుంటుతాడు. ఎప్పుడు కలిసినా ఆ సంగతి వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను.

అందుకని "కొనుక్కో" అనలేదు, "వద్దు" అనీ అనలేదు. "ఆ బండికి 47 గుర్రాలే ఎందుకున్నాయో తెలుసా?" అనడిగాను. 648 సీసీ ఇంజను అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు కదా. వాడికి తెలీదు. చెప్పడం మొదలుపెడితే అదో పెద్ద కథయ్యింది.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1960 దాకా అక్కడ పరీక్ష పాసవ్వని కుర్రాడు కూడా ఎల్ బోర్డు తగిలించుకుని ఎంత పెద్ద బండైనా నడపొచ్చు. పదహారేళ్ళ వాడు, జీవితంలో మొదటి బండి, 650 సీసీ ట్రయంఫ్! అప్పటికి కుర్రాళ్ళకి కాస్త జీతాలొస్తున్నాయి, రోడ్డు పక్క కెఫేల నుంచి పందేలు వేసుకుంటున్నారు, చచ్చిపోతున్నారు. దాంతో 1960లో పార్లమెంటు ఓ చట్టం చేసింది: నేర్చుకునేవాళ్ళు 250 సీసీకి మించిన బండి ఎక్కకూడదు.

చట్టం ఉద్దేశం బాగానే ఉంది. కానీ అది కొలిచింది సిలిండర్ల సైజుని, వేగాన్ని కాదు. ఈ తేడాని అందరికంటే ముందు కనిపెట్టిన వాళ్ళలో ఒకరెవరనుకుంటున్నారు? రాయల్ ఎన్‌ఫీల్డే! అప్పుడది ఇంగ్లండులోని రెడిచ్ అనే ఊరి కంపెనీ. 1964 చివర్లో 250 సీసీలో కాంటినెంటల్ జీటీ అని ఓ బండి దింపింది. ఎర్ర టాంకు, వంగి పట్టుకునే హాండిల్, ఐదు గేర్లు, 20 పైచిలుకు గుర్రాలు. చూడ్డానికి అచ్చం రేసు బండి, నడపడానికి ఎల్ బోర్డు చాలు. ప్రచారం కోసం దాన్ని బ్రిటన్ ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా 24 గంటల్లోపే పరిగెత్తించారు. కుర్రాళ్ళు ఎగబడ్డారు. అంటే కుర్రాళ్ళని ఆపడానికి చేసిన చట్టమే కుర్రాళ్ళ కోసం ఓ రేసు బండిని పుట్టించిందన్నమాట.

ఆ రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1955లో మద్రాసులో మొదలుపెట్టిన దాని పిల్ల కంపెనీ మాత్రం బతికి బట్టకట్టింది. దాని సంగతి చివర్లో చెబుతా.

ఈలోగా జపాన్ వాళ్ళొచ్చారు. 1978లో సుజుకీ ఎక్స్‌7 వచ్చింది. 250 సీసీ టూ స్ట్రోక్, గంటకి 100 మైళ్ళు అందుకుంటుందని ప్రచారం. 1980లో యమహా ఆర్‌డీ 250 ఎల్‌సీ, దాదాపు 35 గుర్రాలు. చట్టం రాసినప్పుడు 250 సీసీ అంటే ఆఫీసుకెళ్ళే బుద్ధిమంతుల బండి. ఇరవయ్యేళ్ళలో అదే 250 సీసీ, 1960 నాటి 650 ట్రయంఫ్‌కి సాటి అయిపోయింది. దాని మీద పదిహేడేళ్ళ కుర్రాడు, శిక్షణ లేకుండా, ఎల్ బోర్డుతో. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, ప్రపంచం మారింది.

పదహారేళ్ళ వాళ్ళ కథ ఇంకా తమాషా. 1971 చివర్లో వాళ్ళని 50 సీసీ మోపెడ్లకి పరిమితం చేశారు. మోపెడ్ అంటే పెడళ్ళు ఉండాలి. సరేనని యమహా వాళ్ళు బుల్లి స్పోర్ట్స్ బండికి పెడళ్ళు తగిలించి ఎఫ్ఎస్1-ఈ అని అమ్మారు. ఆ పెడళ్ళు తొక్కిన పాపాన ఎవడూ పోయుండడు! చివరికి 1977లో మోపెడ్లకి గంటకి 30 మైళ్ళ హద్దు పెట్టాల్సొచ్చింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇదేం కొత్త కాదు. రాసిన కోడు లైన్లు లెక్కపెట్టి మార్కులేస్తానని మేనేజరు అంటే ఏమవుతుంది? లైన్లు పెరుగుతాయి, పని పెరగదు. తేలిగ్గా దొరికేదాన్ని కొలిస్తే మనుషులు ఆ కొలతనే మేపుతారు.

జపాన్లో కూడా ఇదే తంతు. 1975లో అక్కడ మధ్య తరగతి బండి లైసెన్సుకి 400 సీసీ హద్దు పెట్టారు. పైతరగతి కావాలంటే మహా కష్టమైన పరీక్ష. అప్పటికే హోండా దగ్గర సీబీ 400 ఫోర్ అని చక్కటి బండి ఉంది, దాని ఇంజను 408 సీసీ. ఎనిమిది సీసీలు ఎక్కువైపోయాయి! 398కి తగ్గించి మళ్ళీ వదిలారు. తరవాత పదేళ్ళలో అదే 400 సీసీలోంచి 59 గుర్రాలు పిండారు. సీసీ హద్దు సీసీ హద్దే, గుర్రాలు గుర్రాలే.

బ్రిటన్‌కి జ్ఞానోదయం 1983లో అయ్యింది. నేర్చుకునేవాళ్ళకి హద్దు 125 సీసీకి దించడమే కాదు, మొదటిసారిగా 12 గుర్రాలు దాటకూడదని శక్తినీ కొలిచారు. రెండు భాగాల పరీక్ష అంతకు ముందే పెట్టారు. 1990 డిసెంబరు నుంచి తప్పనిసరి ప్రాథమిక శిక్షణ, అంటే ఓ రోజు కూర్చోబెట్టి నేర్పితేగానీ రోడ్డెక్కనివ్వరు. 1997లో కొత్తగా పాసైన వాళ్ళకి రెండేళ్ళ పాటు 33 గుర్రాల హద్దు. ఈ క్రమంలో చావులు తగ్గాయి. ఐతే బండి నడిపేవాళ్ళే బాగా తగ్గిపోయారు కాబట్టి, ఘనతంతా చట్టానిదే అనడానికి లేదు.

ఈ 33 గుర్రాల చట్టంతో కొత్త వ్యాపారం పుట్టింది. పెద్ద బండి కొని, కార్బురేటర్ దగ్గర చిన్న రింగులు బిగించి గొంతు నొక్కడం. రెండేళ్ళయ్యాక ఆ రింగులు తీసేస్తే అసలు బండి బయటకొస్తుంది. కొందరు ముందే తీసేసేవాళ్ళనుకోండి. ఇన్సూరెన్సు చెల్లదని గుర్తొచ్చేది ప్రమాదం జరిగిన తరవాతే. ఇవాళ రింగుల బదులు ఇంజను కంప్యూటర్లో సెట్టింగు మారుస్తున్నారు.

చివరికి 2006లో ఐరోపా సమాఖ్య ఓ ఆదేశం చేసి, 2013 జనవరి 19 నుంచి అమలు పెట్టింది. బ్రిటన్ కూడా ఆ రోజే పాటించింది. ఏ2 అనే మధ్య మెట్టు లైసెన్సుకి మూడు షరతులు. శక్తి 35 కిలోవాట్లు మించకూడదు. కిలో బరువుకి 0.2 కిలోవాట్లు మించకూడదు, అంటే 150 కిలోల బండైతే 30 కిలోవాట్లే. గొంతు నొక్కిన బండైతే దాని అసలు శక్తి నొక్కిన శక్తికి రెండింతలు దాటకూడదు. ఒక్కో షరతూ పాత దొంగదారి ఒక్కోదానికి వేసిన తలుపు.

ఇప్పుడు 35 కిలోవాట్లని గుర్రాల్లోకి మార్చండి. 47! 2013లో హోండా కొత్త సీబీ 500 బండ్లు దింపితే వాటి శక్తి సరిగ్గా 35 కిలోవాట్లు. 2017లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మిలాన్ ప్రదర్శనలో 650 జంటని చూపించింది, ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ. 47 గుర్రాలు. ఇది కాకతాళీయం అంటే నేన్నమ్మను. 1964లో రెడిచ్ వాళ్ళు చేసిన పనే, 50 ఏళ్ళ తరవాత మద్రాసు వాళ్ళు అదే పేరుతో చేశారు. మన చెన్నైలో తయారయ్యే బండికి ఎంత బలముండాలో ఐరోపా లైసెన్సు నిర్ణయించిందన్నమాట.

మావాడుండే విక్టోరియాలోనూ 2008 దాకా 260 సీసీ అనే సైజు లెక్కే. సుజుకీ ఆర్‌జీవీ 250 లాంటి రేసు పిల్లలు ఆ హద్దులోకి దర్జాగా దూరేవి. 2008 జూలై నుంచి 660 సీసీ లోపు, టన్నుకి 150 కిలోవాట్ల లోపు అని మార్చారు. బండి బరువుకి మనిషి బరువుగా 90 కిలోలు కలిపి లెక్కేస్తారు. దాంతో పాత రేసు పిల్లలు బయటికి, నెమ్మదైన 650లు లోపలికి. మళ్ళీ ఇక్కడా జపాన్ కథే: యమహా తన 689 సీసీ ఎంటీ-07ని ఆస్ట్రేలియా కొత్తవాళ్ళ కోసం 655కి తగ్గించింది.

మరి మన దగ్గరో? 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పదహారేళ్ళకి 50 సీసీ. పద్దెనిమిది నిండి గేర్ల బండి లైసెన్సు చేతికొస్తే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా ఒకటే. మధ్యలో మెట్టు లేదు. మనకీ గొంతు నొక్కిన బండొకటి ఉండేది, 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350. జపాన్ ఆర్‌డీ 350కి మన రూపం. శక్తి తగ్గించి 30 గుర్రాలతో ఒకటి, 27తో ఇంకోటి అమ్మారు. తగ్గించింది మన ప్రాణాల కోసం కాదు, పెట్రోలు కోసం. పైగా ముందు చక్రానికున్న డిస్క్ బ్రేకు తీసేసి డ్రమ్ము బ్రేకు పెట్టారు!

ఇదంతా విని మావాడు, "అయితే జీటీ మనలాంటి కొత్తవాళ్ళ కోసం చేసిందే కదా మావయ్యా, కొనేస్తా" అన్నాడు. లాజిక్కు కరెక్టే. కానీ 60 ఏళ్ళ చరిత్రలో నాకర్థమైంది ఇది: చట్టం చెప్పేది ఇంతకంటే ఎక్కువ వద్దని, అంతే. ఇది నీకు సరిపోతుందని అది ఎప్పుడూ చెప్పదు. 47 గుర్రాలు ఐరోపా లెక్క. 200 కిలోలు దాటిన బరువు మాత్రం వాడి కాళ్ళ లెక్క. మా ఆరెక్స్ ఏ దేశపు చట్టంలోనైనా పాసయ్యేదే, మేమే పాసవ్వలేదు.

అందుకని ఓ పని చెప్పాను. షోరూంకి వెళ్ళి ఇంజను ఆపి, బండిమీద కూర్చుని, రెండు పాదాలూ పూర్తిగా నేలకానుతున్నాయో లేదో చూడు. దిగి, కాస్త ఎత్తున్న చోట వెనక్కి తొయ్యి. ఏబీఎస్ లేని బండి వైపు చూడకు. మొదటి బండి ఎలాగూ ఓసారి పడుతుంది, కాబట్టి పాతది కొను. పెద్ద బండి గొంతు నొక్కి ఎదురు చూడ్డం కంటే, చిన్న బండిని పూర్తిగా నడపడం నేర్చుకో.

ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాడు. వెనక్కి తొయ్యలేకపోయాట్ట. 300 సీసీది, మూడేళ్ళు వాడింది, ఏబీఎస్ ఉన్నది చూసుకున్నాడు. జీటీ మూడేళ్ళ తరవాత చూద్దామన్నాడు.

అక్కకి ఇంకా చెప్పలేదు. వద్దని చెప్పమంటే ఏది కొనాలో చెప్పొచ్చావా అంటుంది. ఏం చెయ్యను, నా స్నేహితుడి కాలు గురించి కూడా అక్కకి నేనెప్పుడూ నిజం చెప్పలేదు. ఈసారి రెండూ కలిపి చెప్పేయాలి.